మొలకెత్తిన సాక్ష్యం

డిసెంబరు నెల, పొద్దున ఎనిమిది గంటలు. ఖమ్మం జిల్లాలో ఒక మిరప చేలో నిలబడి ఉన్నారు మీరు. ఊరి పేరు అక్కర్లేదు. ఇలాంటి చేను గుంటూరులో ఉంటుంది, గద్వాలలో ఉంటుంది. మంచు ఇంకా విడవలేదు. సాళ్ల మధ్య నాలుగడుగులు వేసేసరికి ఆకుల మీది తడికి మోకాళ్ల దాకా బట్టలు నానిపోయాయి. గట్టు మీద ఊళ్లోవాళ్లు చేరారు. చేలోకి దిగినవాళ్లు మండల వ్యవసాయాధికారి, ఉద్యాన అధికారి, వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఒక శాస్త్రవేత్త, విత్తన కంపెనీ ప్రతినిధి, ఆ విత్తనాలు అమ్మిన డీలరు, ఈ చేను కౌలుకు చేస్తున్న భార్యాభర్తలు.

"ఇటు రండి మేడం," అంటున్నాడు రైతు. "ఈ చెట్టు చూడండి. దీని పక్కది చూడండి. ఒకటే నారుమడి, ఒకటే రోజు నాటినం. ఎరువు ఒకటే, నీళ్లు ఒకటే."

మీరూ చూడండి. మొదటి చెట్టు నడుమెత్తున కొమ్మలు విప్పుకుని ఉంది. కాయలు సన్నగా, పొడుగ్గా నేలవైపు వేలాడుతున్నాయి. ప్యాకెట్టు మీద అచ్చువేసిన బొమ్మలో ఉన్నది ఈ కాయే. పక్క చెట్టు పొట్టిగా, గుబురుగా ఉంది. కాయలు బొటనవేలంత. అన్నీ ఆకాశం వైపు నిక్కి ఉన్నాయి. మూడోది మళ్లీ మొదటిదానిలాగే ఉంది. నాలుగోదానికి కాయే లేదు, ఆకులన్నీ ముడుచుకుపోయి గిడసబారింది.

కంపెనీ ప్రతినిధి చెయ్యి ఆ నాలుగో చెట్టు మీద ఉంది. "ఇది బొబ్బర మేడం. విత్తనానికి సంబంధం లేదు. చుట్టుపక్కల ఎవరి చేలో చూసినా ఇదే."

ఆయన చెప్పేది అబద్ధం కాదు. తామర పురుగు పడితే మిరపాకు పైకి ముడుచుకుంటుంది, నల్లి పడితే కిందికి. పై ముడత, కింది ముడత అని పిల్లలు కూడా చెప్పగలరు ఇక్కడ. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ సోకితే బొబ్బర. 2021-22లో కొత్త రకం తామర పురుగు తెలుగు రాష్ట్రాల మిరపను ఎలా ఊడ్చేసిందో గట్టు మీదివాళ్లెవరూ మరిచిపోలేదు. అలాంటి చేలో నిలబడి "తప్పు విత్తనంలోనే ఉంది" అని రుజువు చేయడం చాలా కష్టం. ఒకే చెట్టు మీద తెగులూ ఉండొచ్చు, విత్తన లోపమూ ఉండొచ్చు. ఈ పూట ఇక్కడ జరగాల్సిందల్లా ఆ రెంటినీ విడదీయడం.

పేలిన కుక్కరు మీద కేసు వేస్తే కుక్కరును బల్ల మీద పెట్టవచ్చు. విరిగిన చక్రం, కాలిన మోటారు, రంగు మారిన మందు సీసా, ఏదైనా సరే, వస్తువు ఎదురుగా ఉంటుంది. విత్తనం అలా కాదు. వాడటమంటేనే దాన్ని మట్టిలో కలిపేయడం. లోపం బయటపడేది ఆరు నెలల తర్వాత, పూత, పిందె, కాయ వచ్చాక. అప్పటికి రైతు చేతిలో ఒక్క గింజ మిగలదు. మరి దేన్ని పరీక్షించాలి?

చేనునే. అదీ చేను పచ్చగా ఉన్నప్పుడే. వాదనలో సగం ఇక్కడే, ఈ మంచులోనే గెలుస్తుంది లేదా ఓడుతుందని నా నమ్మకం.

శాస్త్రవేత్త రైతు చూపించిన చోట లెక్క మొదలుపెట్టలేదు, గమనించారా? అలాగని కంపెనీ ప్రతినిధి చూపించిన మూలకూ వెళ్లలేదు. గట్టు వెంబడి సాళ్లు వదిలేసింది. అక్కడ నీడ, తొక్కుడు, పక్క చేలోంచి వచ్చే మందు తుంపర, అన్నీ లెక్క చెడగొడతాయి. చేనుకు అడ్డంగా వంకరటింకరగా నడుస్తూ ముందే అనుకున్న అడుగులకు ఆగుతోంది. ఆగిన చోట సాలు వెంట వరసగా వంద చెట్లు. మంచిదైనా చెడ్డదైనా ఒక్కటీ వదలదు. ఉద్యాన అధికారి వెనక నడుస్తూ రాసుకుంటున్నాడు. కాయ వేలాడుతోందా, నిక్కి ఉందా? పొడవెంత? కొమ్మ తీరు ఎలా ఉంది? ఆకు ముడత ఉందా, ఉంటే పైకా కిందికా?

ఆమె చేతిలో రెండు రంగుల రిబ్బన్లు ఉన్నాయి. రకానికి చెందని చెట్టుకు, అంటే కేళీకి, పసుపు కడుతోంది. తెగులు పట్టిన చెట్టుకు ఎరుపు కడుతోంది. కొన్నిటికి రెండూ కడుతోంది. నాలుగో చెట్టు దగ్గర ఆగి కొమ్మలు విడదీసి, అడుగున ఎండిపోయిన ఒక పిందెను వెతికి చూసింది. అది కిందికి వేలాడుతోంది. ఎరుపు మాత్రమే కట్టింది. రైతు ముఖం వాడిపోయింది. "అది కూడా కేళీయే మేడం," అన్నాడు.

"కాదు నాన్నా. ఇది మీ రకమే, దీనికి వైరస్ తగిలింది," అంది ఆమె. "దీన్ని కూడా కేళీల్లో రాసేస్తే రేపు మిగతా లెక్కంతా అబద్ధమంటారు."

ఈ మాట దగ్గర నేను కాసేపు ఆగాలనుకుంటాను. రైతు మీద జాలితో అంకె పెంచి రాసే అధికారి ఉంటాడు. చేలో దిగకుండానే "నష్టం జరిగింది, విత్తన లోపం కావచ్చు" అని ఒక వాక్యం రాసి సంతకం పెట్టేవాడూ ఉంటాడు. మనసు మంచిదే కావచ్చు, ఆ కాగితం మాత్రం వినియోగదారుల కమిషన్ ముందు నిలవదు. ఎక్కడెక్కడ ఆగారు, ఎన్ని చెట్లు లెక్కపెట్టారు, ఏ గుణం చూసి కేళీ అన్నారు, ఇవి లేని నివేదికను అవతలి వకీలు చించి పోగులు పెడతాడు. ఆ చినుగుడు రైతు బతుకు మీద పడుతుంది.

అందుకే కంపెనీ ప్రతినిధిని పిలిచారు. వారం ముందే రిజిస్టరు పోస్టులో నోటీసు వెళ్లింది. తనకు చెప్పకుండా చేసిన తనిఖీ చెల్లదని కంపెనీలు ఎత్తే అభ్యంతరం మామూలుగా మొదటి పేజీలోనే ఉంటుంది. ఇప్పుడు ఆయన ఇక్కడే ఉన్నాడు. ప్రతి వందా ఆయన కళ్ల ముందే లెక్కపెట్టారు. పంచనామా మీద "అభ్యంతరాలతో" అని రాసి సంతకం చేశాడు. ఆ మాట రాసుకునే హక్కు ఆయనకుంది. తాను చూడలేదనే హక్కు మాత్రం ఇక లేదు.

రిబ్బను కట్టిన చెట్ల నుంచి, కట్టని కొన్ని మంచి చెట్ల నుంచి కూడా, ఒక్కో లేత ఆకు తుంచి సిలికా జెల్ వేసిన చిన్న కవర్లలో పెడుతున్నారు. కవరు మీద సాలు నంబరు, చెట్టు నంబరు, తేదీ వేసి, ఇద్దరి సంతకాలు తీసుకుంటున్నారు. ఈ ఆకుల సంగతి తర్వాత తెలుస్తుంది.

"పసుపు గుడ్డ కట్టినవి పీకేయొచ్చా మేడం?" రైతు భార్య అడిగింది. "వాటికి మందు కొట్టుడు, నీళ్లు పెట్టుడు దండగ."

"కాయ కోసుకోండమ్మా. చెట్టు మాత్రం పీకొద్దు. రిపోర్టు మీ చేతికి వచ్చేదాకా ఉండనివ్వండి."

చెప్పడం తేలిక. కౌలు డబ్బు కట్టాలి. అప్పిచ్చినవాడు ఆగడు. పనికిరాని చెట్లకు నీళ్లు పెడుతూ సాక్ష్యాన్ని బతికించుకోవడం వీళ్ల పని అయింది.

ఇప్పుడు వాళ్ల ఇంటికి పదండి. ట్రంకు పెట్టెలోంచి ఆమె ఒక ప్లాస్టిక్ సంచి తీసింది. లోపల రబ్బరు బ్యాండు వేసిన ఖాళీ విత్తన ప్యాకెట్లు. నారు పోసిన రోజు మడి గట్టు మీద పడేసి రావడమే అందరి అలవాటు. ఆమె ఏరి తెచ్చి దాచింది. వ్యవసాయాధికారి ఒక ప్యాకెట్టును వెలుతురుకు పట్టి చదువుతున్నాడు. రకం పేరు, లాటు నంబరు, పరీక్ష చేసిన తేదీ, గడువు తేదీ, మొలక కనీసం 60 శాతం, భౌతిక శుద్ధత కనీసం 98 శాతం. మిరప విత్తనానికి ప్రభుత్వం నిర్ణయించిన కనీస ప్రమాణాలే అవి.

"బిల్లు?"

ఆమె ఒక చీటీ ఇచ్చింది. షాపు పేరు లేదు. డీలరు చేతిరాతతో ప్యాకెట్ల లెక్క, మొత్తం, తేదీ ఉన్నాయి, అంతే. అరువుకు తెచ్చుకున్నారు. బాకీ తీరాక అసలు బిల్లు ఇస్తానన్నాడు డీలరు. చెట్టుకు కాయే లేకపోతే బాకీ ఎలా తీరుతుంది, బిల్లు ఎలా వస్తుంది? లోపం వల్ల నష్టపోయినవాడు ఆ నష్టం వల్లే సాక్ష్యం కోల్పోవడం చూస్తే కడుపు మండుతుంది. అందుకే లాటు నంబరు ఉన్న ఈ ఖాళీ ప్యాకెట్లకు అంత విలువ. విత్తన నిబంధనలు, 1968లో 23-ఏ అని ఒక నిబంధన ఉంది. పంట పోవడానికి విత్తనమే కారణమని రైతు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే విత్తన ఇన్‌స్పెక్టరు లేబుళ్లు, ప్యాకెట్లు, మిగిలిన గింజలేమైనా ఉంటే అవీ స్వాధీనం చేసుకోవాలి. ఆ లాటు నమూనాను విశ్లేషకుడికి పంపి కారణం తేల్చాలి. ఫిర్యాదు నోటిమాటగా కాకుండా కాగితం మీద ఉండాలన్నది ఈ నిబంధనలో ముఖ్యమైన సంగతి.

మధ్యాహ్నం డీలరు షాపులో స్టాకు రిజిస్టరు తెరిచారు. వేలు పెట్టి వరసలు చూస్తుంటే ఆ లాటు నంబరు కనిపించింది. జూన్‌లో వచ్చింది, జూలైకల్లా అయిపోయింది. ఇదే లాటు కొన్న మరో ముగ్గురు రైతుల పేర్లు కూడా దొరికాయి. సీజను పొడుగునా ఈ ముగ్గురూ ఎవరికి వాళ్లు "నా ఖర్మ" అనుకుని కూర్చున్నవాళ్లే. పక్క మండలంలోని మరో షాపులో, అమ్ముడుపోని సరుకు మూలన, అదే లాటు ప్యాకెట్లు కొన్ని మిగిలాయని ఫోన్ వచ్చింది. జీపు అటు తిరిగింది.

అక్కడి బల్ల ముందు నిలబడి సీలు వేయడం చూడండి. విత్తన చట్టం, 1966 ప్రకారం తీసిన నమూనాను మూడు వాటాలు చేయాలి. ఒకటి ఎవరి దగ్గర తీశారో వాళ్లకే ఇవ్వాలి, రెండోది విత్తన విశ్లేషకుడికి పంపాలి, మూడోది ఇన్‌స్పెక్టరు దగ్గర భద్రంగా ఉండాలి. ఆ మూడోది కోర్టు కోసం. మొదటి పరీక్షను ఎవరు కాదన్నా, కోర్టు దాన్ని కేంద్ర విత్తన ప్రయోగశాలకు పంపగలదు, అక్కడి నివేదికే పైచేయి అవుతుంది. గుడ్డ సంచి మూతికి దారం బిగించారు. కొవ్వొత్తి మంట మీద లక్క కరిగింది, ఆ ఘాటు వాసనతో షాపు నిండిపోయింది. ముడి మీద చుక్కలు పడ్డాయి, ఇత్తడి ముద్ర దిగింది. అదే ముద్రను విడిగా ఒక కాగితం మీద కూడా వేశారు. ప్రయోగశాలలో విప్పేవాడు రెంటినీ పక్కపక్కన పెట్టి సరిచూసుకోవాలి. లక్క పగిలినా, దారం తెగినా, ముద్ర తేడాగా ఉన్నా, లోపలి గింజ ఎంత నిజం చెప్పినా వినేవాడు ఉండడు.

ఆ సాయంత్రమే ఇంకో పని జరిగింది. దాన్ని చాలామంది మరిచిపోతారు, నాకైతే అన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది. విత్తన వ్యాపారం చేసేవాళ్లు ప్రతి లాటు రికార్డునూ మూడేళ్లు దాచాలి. ఆ లాటు నమూనాను మాత్రం, సరుకంతా అమ్ముడైపోయిన ఏడాది తర్వాత పారేయవచ్చు. నిబంధనలే ఆ వీలు ఇచ్చాయి. అంటే కంపెనీ గోదాములో ఉన్న నమూనాకు ఒక గడియారం తిరుగుతోంది. రైతుకు లోపం కనపడేది డిసెంబరులో. ఫిర్యాదు, జవాబు, వాయిదాలు దాటుకుని పరీక్షకు ఉత్తర్వు వచ్చేసరికి ఆ ఏడాది గడిచిపోతుంది. రైతు తరఫు వకీలు ఆ రోజే నోటీసు రాసింది. ఫలానా లాటు మీద వివాదం మొదలైంది, ఆ నమూనానూ దాని తల్లి, తండ్రి రకాల గింజలనూ కేసు తేలేదాకా పారేయొద్దు అని. ఒక పేజీ కాగితం, రిజిస్టరు పోస్టు, అందినట్టు రసీదు. దీని సంగతి గుర్తుంచుకోండి.

ఇక హైదరాబాదు శివారులోని విత్తన ప్రయోగశాల. తలుపు తీయగానే చల్లగాలి, తడిసిన కాగితం వాసన తగులుతాయి. ఇలాంటి మొదటి ప్రయోగశాలను 1869లో జర్మనీలోని థరాంట్‌లో ఫ్రెడరిక్ నోబ్బె అనే వృక్షశాస్త్రవేత్త పెట్టాడు. సంతల్లో అమ్మే గింజల్లో పేరొకటి, సరుకొకటి ఉండటం చూశాకే ఆయన ఆ పనికి పూనుకున్నాడు. నూటయాభై ఏళ్లు దాటినా మీ ముందున్న ఈ గది అదే పోట్లాటను తీరుస్తోంది.

సీలు సరిచూశారు. కంపెనీ పేరు, రైతు పేరు కనపడకుండా నమూనాకు ఒక కోడ్ నంబరు ఇచ్చారు. పరీక్షించే అమ్మాయికి అది ఎవరి గింజో తెలియదు, తెలియకూడదు కూడా. గింజలను గరాటులాంటి డివైడరులో పోసి సగం సగం చేసుకుంటూ వెళ్తే పైన ఉన్నవీ అడుగున ఉన్నవీ సమంగా కలుస్తాయి. అందులోంచి నాలుగొందలు, వందేసి చొప్పున నాలుగు భాగాలు. తడిపిన అద్దుడు కాగితం మీద ఒకదానికొకటి తగలకుండా పరుస్తోంది. పట్టకారుతో ఆమె ఒక్కో గింజనూ పెట్టే తీరు చూస్తే, ఇంటిదగ్గర అమ్మ తులసి కోట చుట్టూ ముగ్గు చుక్కలు పెట్టే శ్రద్ధ గుర్తొస్తుంది. అలమరలో పదహారు గంటలు 20 డిగ్రీలు, ఎనిమిది గంటలు 30 డిగ్రీలు. ఏడో రోజున తొలి లెక్క, పద్నాలుగో రోజున తుది లెక్క.

మొలక వచ్చిందా లేదా అన్నంత తేలిక కాదు ఆ లెక్క. వేరు, కాండం, బీజదళాలు సరిగా ఉంటేనే అది మంచి మొలక. వేరు మొండిగా ఆగిపోతే, కాండం మెలితిరిగితే, పచ్చగా కనిపించినా సరే అది వికృత మొలకే, శాతంలోకి రాదు. మొలవని గింజను కూడా పట్టకారుతో నొక్కి చూస్తుంది. మెత్తగా చీము కారితే చచ్చినట్టు, గట్టిగా తాజాగా ఉంటే నిద్రలో ఉన్నట్టు.

పద్నాలుగు రోజులయ్యాయి. ప్రమాణం 60, మన నమూనా అంతకంటే పైనే ఉంది. భౌతిక శుద్ధత బాగుంది, తేమ బాగుంది. నమూనా ప్రమాణాలకు లోబడి ఉందని కాగితం వచ్చింది.

ఎన్నో కేసులు ఇక్కడే చచ్చిపోతాయి. ఈ కాగితం తప్పు కాదు, ప్రతి అక్షరం నిజమే. కానీ రైతు విత్తనం మొలవలేదని ఎప్పుడన్నాడు? చక్కగా మొలిచింది, చక్కగా పెరిగింది, వేరే చెట్టయింది. అది అతని ఫిర్యాదు. మనం ప్రయోగశాలను అడిగింది ఈ గింజకు ప్రాణం ఉందా అని. అడగాల్సింది ఈ గింజ ఎవరి బిడ్డ అని. పంపే లేఖలో ఒక్క గడి, "జన్యు శుద్ధత" అన్న గడి, టిక్కు పెట్టకపోతే ఇలాగే అవుతుంది. అదృష్టం, నమూనా తీసిన ఇన్‌స్పెక్టరు ఆ గడి కూడా నింపాడు.

జన్యు శుద్ధతకు పాత దారి పెంచి చూసే పరీక్ష. అనుమానపు గింజల నారు, పక్కనే అసలు రకం నారు నాటి, కాయ పట్టేదాకా పెంచి, కేళీలు లెక్కపెడతారు. మోసం లేని పరీక్ష, చూసిన ఎవరికైనా అర్థమవుతుంది. కానీ మిరపకు అది ఒక పంటకాలం తింటుంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 38వ సెక్షన్ ప్రయోగశాలకు ఇచ్చిన గడువు 45 రోజులు, కమిషన్ అనుమతిస్తే మరికొంత. నలభై అయిదు రోజుల్లో మిరప నారుమడి కూడా దాటదు.

అందుకే చేలో ఆకులు తుంచింది. పక్క గదిలో ఆ ఆకులను నూరి డీఎన్ఏ తీస్తున్నారు. హైబ్రిడ్ గింజలో తల్లి గుర్తు ఒకటి, తండ్రి గుర్తు ఒకటి ఉంటాయి. జెల్ పలక మీద కరెంటు పెట్టి నడిపిస్తే, ఎంచుకున్న చోట నిజమైన హైబ్రిడ్‌కు రెండు గీతలు కనిపించాలి. విత్తనోత్పత్తి చేలో తల్లి పువ్వు తన పుప్పొడితోనే కాయ కట్టి ఉంటే తల్లి గీత ఒక్కటే వస్తుంది. ఎక్కడిదో గింజ కలిసి ఉంటే ఈ ఇద్దరికీ చెందని గీత వస్తుంది. చీకటి గదిలో పలక మీద వెలుతురు పడింది. రిబ్బను కట్టని చెట్లకు రెండు గీతలు. ఎరుపు మాత్రమే కట్టిన చెట్లకూ రెండు గీతలే, శాస్త్రవేత్త చేలో అన్న మాట నిజమైంది. పసుపు కట్టిన వాటిలో చాలావాటికి గీతలు వేరేచోట ఉన్నాయి.

రెండు సంగతులు చెప్పాలి. గింజ పాతబడే కొద్దీ మొలక శాతం తగ్గుతుంది. రెండేళ్లు మూల పడి ఉన్న నమూనాను మొలకెత్తించి చూస్తే అది ఈ రోజు సంగతి చెబుతుందే గాని అమ్మిన రోజు సంగతి చెప్పదు. దాన్ని రైతుకు అనుకూలంగా వాడటమూ న్యాయం కాదు. గింజ ఎవరి బిడ్డ అన్నది మాత్రం పాతబడినంత మాత్రాన మారదు. రెండోది, ఈ గీతలు ఎవరివో పోల్చి చెప్పాలంటే అసలు తల్లిదండ్రుల గింజ కావాలి. అది ఉండేది కంపెనీ తాళం కిందే. రైతు దగ్గర ఎప్పటికీ ఉండదు. రుజువు చేయాల్సినవాడి చేతిలో రుజువు లేదు. ఉన్నవాడికి దాన్ని బయట పెట్టాలని లేదు. ఇలాంటి వ్యాజ్యాలన్నీ చివరికి వచ్చి ఆగేది ఈ తాళం దగ్గరే.

సెప్టెంబరు. జిల్లా వినియోగదారుల కమిషన్ హాలు. ఫ్యాన్ల చప్పుడు, కాగితాల కట్టలు, బెంచీ చివర రైతు దంపతులు. మీరు వాళ్ల వెనక కూర్చున్నారు. చేను ఎప్పుడో దున్నేశారు. అందులో ఇప్పుడు పత్తి ఉంది.

కంపెనీ వకీలు లేచాడు. వాదన పాతదే, కానీ బలమైనది. గింజను ప్రయోగశాలకు పంపకుండా లోపం ఉందనలేరు, చట్టమే ఆ దారి చెప్పింది అన్నాడు. 2005లో హర్యానా విత్తనాభివృద్ధి సంస్థ కేసులో సుప్రీంకోర్టు మాట చదివాడు. పంటలో తేడాకు నీటి నాణ్యత, బెట్ట, నేల పైపొరలో ఉప్పు, విత్తిన పద్ధతి, విత్తేనాటి తేమ, ఇవన్నీ కారణాలు కావచ్చు, విత్తనమే కారణమనుకోనక్కర్లేదు అని. చివరగా డిసెంబరు తనిఖీ నివేదికలోని ఎర్ర రిబ్బన్ల లెక్క ఎత్తి చూపించాడు. "తెగులుందని వాళ్లే ఒప్పుకున్నారు సర్."

రైతు వకీలు పెద్దగా గొంతు పెంచలేదు. 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ అప్పీళ్ల మీద వచ్చిన తీర్పు తీసింది. కర్నూలు, మహబూబ్‌నగర్, గుంటూరు, ఖమ్మం, కడప జిల్లా ఫోరాలు రైతులకిచ్చిన పరిహారాలే అక్కడి వివాదం. మన నేలలోంచే వెళ్లిన పోరాటం అది. కొన్న గింజంతా విత్తుకునే రైతు పరీక్ష కోసం కొంత దాచుకోవాలని ఆశించలేమనీ, కంపెనీకి అంత నమ్మకముంటే తన దగ్గరున్న ఆ లాటు నమూనానే పరీక్షకు పంపమని అడిగి ఉండాల్సిందనీ సుప్రీంకోర్టు చెప్పింది. 1998లోనే ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన మరో విత్తన కేసులో ఇదే బాట పడింది. విత్తన చట్టం ఉన్నంత మాత్రాన రైతు వినియోగదారుడు కాకుండా పోడనీ 2012 తీర్పు తేల్చింది. 2020 జూలైలో అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల చట్టం ఉత్పత్తి బాధ్యతకు 82 నుంచి 87 దాకా సెక్షన్లతో ఒక అధ్యాయమే కేటాయించింది. తయారీ లోపానికి, చెప్పిన ప్రమాణాల నుంచి తప్పినందుకు తయారీదారు జవాబు చెప్పాలి.

రెండు తీర్పులూ ఒకదానికొకటి ఎదురని నేననుకోను. కారణాలు ఎన్నో ఉండొచ్చని 2005 మాట. ఆ కారణాలను ఒక్కొక్కటిగా తోసిపుచ్చడానికే చేలో రెండు రంగుల రిబ్బన్లు కట్టింది.

శాస్త్రవేత్తకు కంపెనీ రాతపూర్వకంగా పంపిన ప్రశ్నలు, ఆమె ప్రమాణం చేసి ఇచ్చిన జవాబులు ఫైల్లో ఉన్నాయి. కమిషన్ సభ్యురాలు ఒకటి పైకి చదివింది. తెగులు, బెట్ట, ఎరువుల లోపం వల్ల మొక్క ఇలా మారే వీలుందా? జవాబు: వైరస్ వల్ల ఆకు ముడుచుకుంటుంది, మొక్క గిడసబారుతుంది, కాయ తగ్గుతుంది, వంకర పోతుంది. కాయ వేలాడటమా, నిక్కి ఉండటమా అన్నది పుట్టుకతో వచ్చే గుణం. కాయ వేలాడే హైబ్రిడ్ మొక్కను ఏ తెగులూ, ఏ బెట్టా నిక్కిన కాయల మొక్కగా మార్చదు. పసుపు రిబ్బన్ల లెక్క నేను ఆ గుణం మీదే వేశాను.

అధ్యక్షుడు కళ్లద్దాలు తీసి కంపెనీ వకీలు వైపు చూశాడు.

"మీ గోదాములో ఈ లాటు నమూనా ఉందా?"

"సర్, సరుకు అమ్ముడైపోయి ఏడాది దాటింది. నిబంధనల ప్రకారం..."

"డిసెంబరులో మీకు నోటీసు అందింది. రసీదు ఇదిగో ఉంది. అప్పటికి ఏడాది కాలేదు. పారేయొద్దని వాళ్లు రాశాక పారేశారా?"

"కంపెనీని అడిగి చెప్తాను సర్."

"అడగండి. నమూనా, తల్లిదండ్రుల గింజ సీలు వేసి వచ్చే వాయిదాకు తీసుకురండి. డీఎన్ఏ పోలికకు పంపిస్తాం. తేకపోతే, దాచిన సాక్ష్యం మీకు వ్యతిరేకంగానే ఉండేదని అనుకునే హక్కు మాకుంది."

బెంచి గుమాస్తా తేదీ పలికాడు. పరీక్ష ఫీజు ముందు ఫిర్యాదుదారే జమ చేయాలన్నది చట్టం. ఆ మాట చెప్పేసరికి రైతు జేబు తడుముకున్నాడు. చట్టంలో ఈ ఒక్క ముక్క మారాలని నా గట్టి అభిప్రాయం. పరీక్షకు పనికొచ్చే గింజ ఎవరి దగ్గరుందో ఫీజు భారం కూడా వాళ్ల మీదే పడాలి.

వరండాలో వకీలు రైతును ఆపింది. "ఫీజు సంగతి తర్వాత చూద్దాం. అదే లాటు కొన్న ఆ ముగ్గురు ఎక్కడున్నారు? వాళ్ల ప్యాకెట్లు ఉన్నాయా?"

"ఒకాయన దగ్గర ఉన్నయ్ మేడం. ఇద్దరు పడేసిన్రు."

"ఉన్న ఆయన్ని రేపే తీసుకురండి. పడేసినవాళ్లను కూడా తీసుకురండి, డీలరు రిజిస్టరులో వాళ్ల పేర్లు ఉన్నాయి కదా. ముగ్గురి చేతా అఫిడవిట్లు వేయిద్దాం."